ఓమా ఆంటీ నేర్పిన జర్మనీ

మా ఆయన కంపెనీ వాళ్లు మమ్మల్ని జర్మనీ పంపుతామన్నప్పుడు ముందుగా ఇచ్చింది టిక్కెట్లు కాదు, ఒక ఆన్‌లైన్ క్లాసు. జర్మన్ సంస్కృతికి పరిచయం అని దాని పేరు. అమెరికాలో, టెక్సాస్ ఫ్రిస్కోలో మా డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. తెర మీద ఒక అమ్మాయి నవ్వుతూ బొమ్మలు చూపించింది. నురగ పొంగుతున్న బీరు గ్లాసులు, మెలికలు తిరిగిన ప్రెట్జెల్ రొట్టెలు, తోలు నిక్కర్లు తొడుక్కున్న మగవాళ్లు. జర్మన్లు టైముకి వస్తారంది, ఉన్నమాట మొహం మీదే చెప్తారంది, చెత్తని రంగురంగుల డబ్బాల్లో వేరు చేస్తారంది. చివర్లో చిన్న పరీక్ష పెట్టింది. మా ఆయన ఒక చెవిలో ఆఫీసు మీటింగు వింటూనే అన్నింటికీ సరైన టిక్కులు పెట్టేశాడు.

"అంతేనా?" అన్నాను.

"అంతే. మనకి కల్చర్ వచ్చేసింది," అన్నాడు.

నాకు రాలేదు. కాకినాడలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదాన్ని. బొమ్మలు చూసి టిక్కు పెడితే పాఠం వచ్చేస్తుందంటే నమ్మే అలవాటు లేదు. పైగా ఈ దేశంలో నా వీసాకి ఉద్యోగం చేసే హక్కు లేదు. పాపని స్కూల్లో దింపి వచ్చాక మిగిలే పగలంతా నాదే. ఆ పగలు ఎంత పొడుగో భర్త వీసా మీద వచ్చి ఇంట్లో కూర్చున్న ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. మా ఆయన హెచ్-వన్ గడువు దగ్గర పడుతోంది, గ్రీన్‌కార్డు పని మొదటి మెట్టు దగ్గరే ఇరుక్కుపోయింది. జర్మనీలో అయితే నేనూ ఉద్యోగం చేసుకోవచ్చని ఎవరో అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని భాష మొదలుపెట్టాను. ఫోన్లో పాఠాలు, లైబ్రరీ పుస్తకాలు. గిన్నెలు తోముతూ క్రియలు వల్లించేదాన్ని.

ఆ ఎండాకాలంలోనే ఒక ఆదివారం పొద్దున మా ఆయన మెషీన్‌తో గడ్డి కోస్తుంటే తలుపు మీద చప్పుడైంది. తీశాను. పొడుగాటి ముసలావిడ. తెల్లటి జుట్టు మగవాళ్లలా పొట్టిగా కత్తిరించుకుంది. నడుముకి ఏప్రన్, చేతులకి పిండి. మూడిళ్ల అవతల ఒంటరిగా ఉంటుందని తెలుసు గానీ ఎప్పుడూ మాట్లాడింది లేదు.

"ఈరోజు ఆదివారం," అంది ఇంగ్లీషులో.

"అవునండీ."

"ఆదివారం చప్పుడు చేయకూడదు. మా ఊళ్లో అయితే ఈపాటికి మీ మీద కంప్లైంట్ వెళ్లేది."

నాకు ఒళ్లు మండింది. టెక్సాస్‌లో ఆదివారం గడ్డి కోయనిదెవరు? "మీ ఊరంటే ఏ ఊరు?" అని అడిగాను, కొంచెం పుల్లగానే.

"జర్మనీ."

నోట్లో ఉన్న కోపం మింగేసి, ఫోను నేర్పిన వాక్యాన్ని కూడబలుక్కుని చెప్పాను. నేను జర్మన్ నేర్చుకుంటున్నాను అని. ఆవిడ నా వెనకాల ఇంకెవరైనా ఉండి ఆ మాట అన్నారా అన్నట్టు లోపలికి చూసింది.

"ఎందుకు?" అంది.

"మేం అక్కడికి వెళ్లబోతున్నాం."

"నేను అక్కడ్నించే వచ్చాను," అంది, అదేదో నా తప్పయినట్టు. "రేపు మూడింటికి కాఫీకి రండి. మూడంటే మూడు."

అలా మొదలైంది. మా పాపకి పెద్దవాళ్లందరూ అంకుల్, ఆంటీలే. జర్మన్‌లో అమ్మమ్మనీ నానమ్మనీ ఓమా అంటారని నేను చెప్పాక, రెండూ కలిపి ఆవిడకి 'ఓమా ఆంటీ' అని పేరు పెట్టేసింది. మా ఇంట్లో ఆవిడ చివరిదాకా ఓమా ఆంటీయే.

ఆన్‌లైన్ క్లాసు గురించి చెప్తే ముక్కుతో ఒక శబ్దం చేసింది. "ఆ బీరూ, ఆ తోలు నిక్కర్లూ బవేరియా వాళ్లవి. మాది పడమటి వైపు, ఫాల్ట్స్ ప్రాంతం. ద్రాక్షతోటలు, వైను, బంగాళాదుంపలు. వాళ్ల బట్టలు మాకెందుకు వేస్తారు?"

నాకు వెంటనే అర్థమైంది. ఢిల్లీలో ట్రైనింగ్‌కి వెళ్లినప్పుడు నన్ను అందరూ మద్రాసీ అనేవారు. కాదు, నాది కాకినాడ, మాట్లాడేది తెలుగు అంటే, అదే కదా అనేవారు. ఆ సంగతి ఆవిడకి చెప్పాను. మొదటిసారి నవ్వింది.

తర్వాత నెలలన్నీ ఆవిడ వంటింట్లోనే గడిచాయి. ఆవిడ చెప్పింది పాఠంలా ఉండేది కాదు. చేతికి కత్తో, పిండో ఇచ్చేది. అమెరికా బ్రెడ్డుని దూది అనేది. రై అని గోధుమలాంటి ధాన్యం, దాని పిండి నీళ్లలో కలిపి, రోజుల తరబడి పులియబెట్టి, ఆ పులుపుతో నల్లటి రొట్టె చేసేది. మా ఇడ్లీ పిండీ అలాగే పులవాలని చెప్పి మర్నాడు కొంచెం గిన్నెలో తీసుకెళ్లాను. మూత తీసి వాసన చూసి, "ఇది బతికుంది," అని మెచ్చుకుంది.

ఆగస్టు చివర నల్లటి కోల ప్లమ్ పళ్లు కొట్లోకి రాగానే ఫోన్ చేసింది. ఈస్టు వేసి పొంగించిన పిండిని పళ్లెం నిండా పరిచి, గింజలు తీసిన పళ్లని పెంకుల్లా వరసగా పేర్చి, దాల్చినచెక్క పొడి చల్లి కాల్చింది. దాని పక్కన బంగాళాదుంప సూపు పెట్టింది. తీపి కేకూ, ఉప్పటి సూపూ కలిపి తినాలట. ఒక చెంచా ఇది, ఒక ముక్క అది. నేను మాంసం తిననని అప్పటికే తెలుసు. సూపులో పంది మాంసం వేయకుండా చేసింది. మొదట నాకు వింతగా అనిపించింది. రెండో గిన్నె అడిగి పోయించుకున్నాను.

"దీన్ని ఏమంటారు?" అని సూపులో దుంప ముక్క చూపించింది.

"కార్టొఫెల్," అన్నాను. ఫోను అదే నేర్పింది.

"అది టీవీలో. మా ఇంట్లో గ్రుంబేరె. నేలలో కాసే పియర్ పండు అని. అను."

"గ్రుంబేరె."

నా జర్మన్ రెండుగా చీలిపోయింది. ఫోనుది ఒకటి, ఆవిడది ఒకటి. ఆవిడది నోటికి తొందరగా పట్టింది. పుస్తకాల భాష మాట్లాడేవాళ్లని చూస్తే ఆవిడకి ఎలా ఉంటుందో గోదావరి జిల్లా వాళ్లకి ఎవరూ వివరించనక్కర్లేదు.

రాత్రి భోజనం చల్లగానే ఉంటుందని కూడా నేర్పింది. మధ్యాహ్నం పొయ్యి వెలిగించి వండుకున్నాక సాయంత్రం ఇక వంట లేదు. రొట్టె ముక్కలు, వెన్న, చీజు, ఊరవేసిన దోసకాయ, ముల్లంగి. ఒకరోజు ఇంట్లో అలాగే పెట్టాను.

"ఇది స్నాక్ కదా, డిన్నర్ ఏది?" అన్నాడు మా ఆయన.

"ఇదే డిన్నర్. అక్కడ ఇంతే."

"జర్మనీ వెళ్లడం కాన్సిల్ చేద్దామా?" అని లేచి, ఆవకాయ జాడీ తెచ్చుకుని రొట్టె మీద రాసుకున్నాడు.

ఓమాకి ఒక్కడే కొడుకు. అరవైకి దగ్గరగా ఉంటాడు, అరగంట దూరంలో ఇల్లు, ఇన్సూరెన్సు వ్యాపారం. భారీ మనిషి, మంచివాడు. వారం వారం వచ్చి అమ్మకి సరుకులు దింపి, బల్బులు మార్చి వెళ్లేవాడు. ఒక్క జర్మన్ మాట రాదు. ఓమా అమెరికా సైనికుణ్ణి పెళ్లి చేసుకుని చిన్న వయసులో టెక్సాస్ వచ్చింది. కొడుకు పుట్టాక జర్మన్‌లోనే మాట్లాడేదట. స్కూల్లో తోటి పిల్లలు చేయి పైకెత్తి హిట్లర్ సెల్యూట్ కొట్టి వాడిని ఏడిపించారు. నా ఇంట్లో ఆ భాష వినపడకూడదని ఓమా అత్తగారు చెప్పేసింది. మొగుడు ఏమీ అనలేదు.

"అప్పటి నుంచి మానేశాను," అంది రొట్టె పిండి పిసుకుతూ. "వాడికి నేను ఇంగ్లీషులోనే అమ్మని."

మా పాప ఆ పక్కనే కూర్చుని బొమ్మలు వేసుకుంటోంది. పిండిలో చెయ్యి పెట్టకు అని నేను తెలుగులో అంటే, "ఐ యామ్ నాట్, అమ్మా," అంది. ఓమా దాన్ని చూసి, నన్ను చూసింది.

శరదృతువు రాగానే పక్క ఊళ్లో జర్మన్ పండగ పెట్టారు. బీరు గుడారాలు, బాజాలు. కొడుకు అమ్మనీ మమ్మల్నీ తన పెద్ద బండిలో ఎక్కించుకుని తీసుకెళ్లాడు. తోలు నిక్కరు తొడుక్కున్నాడు. మోకాళ్ల దాకా తెల్ల సాక్సు. నెత్తి మీద కోడి ఆకారం టోపీ.

"మామ్, ఇదంతా నీ కల్చరే!" అన్నాడు చేతులు చాపి. నిజంగా సంతోషంగా ఉన్నాడు. ఆవిడ కోసం ఎంతో చేశాననుకున్నాడు.

ఓమా బల్ల చివర కూర్చుని, కాగితం పళ్లెంలో బంగాళాదుంప సలాడ్ ఒక ముద్ద తిని ఫోర్కు కింద పెట్టింది. అందులో పంచదార వేశారు. మైకులో ఎవరో అందర్నీ లేచి గెంతమన్నారు. కొడుకు గెంతాడు. చప్పట్లు కొట్టమంటే ఆవిడ కొట్టింది. తిరిగి వచ్చేటప్పుడు బండిలో, "ఎంజాయ్ చేశావా మామ్?" అని అడిగితే, "చాలా," అంది. నా చేతిని మాత్రం గట్టిగా పట్టుకుంది.

డిసెంబరులో మా ఇంటికి పచ్చటి కొమ్మలు చుట్టిన చక్రం ఒకటి తెచ్చింది. దాని మీద నాలుగు కొవ్వొత్తులు. క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు, ఒక్కో ఆదివారం ఒక్కోటి ఎక్కువ వెలిగించాలి. పిల్లలు అయిదో తారీకు రాత్రి బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెడితే నికోలస్ సాధువు వచ్చి అందులో బహుమతులు పెడతాడని చెప్పి, పాపతో దాని స్కూలు షూస్ తోమించింది. తెల్లారి చూస్తే అందులో అక్రోట్లు, ఒక కమలాపండు.

"వేరీజ్ ద కాండీ?" అంది పాప.

"మేం కమలాపండు కోసం సంవత్సరమంతా ఎదురుచూసేవాళ్లం," అంది ఓమా. పాపకి అర్థం కాలేదు.

వాళ్లకి అసలు పండగ ఇరవై అయిదున కాదు, ముందురోజు సాయంత్రం. కొడుకు కుటుంబం మాత్రం ఇరవై అయిదున వచ్చి హ్యామ్ తిని వెళ్లేది. ముందురోజు సాయంత్రం ఆవిడ ఏళ్ల తరబడి ఒంటరిగానే కూర్చునేదట. ఆ సంవత్సరం మేం ముగ్గురం వెళ్లాం. చెట్టుకి నిజం కొవ్వొత్తులు గుచ్చి, పక్కనే బకెట్లో నీళ్లు పెట్టి వెలిగించింది. మా ఆయన ఫైర్ అలారం వైపే చూస్తూ కూర్చున్నాడు. గ్లాసులు తాకించేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలని, అలా చూడకపోతే అమర్యాదని చెప్పి, మా చేత మళ్లీ మళ్లీ తాకించింది. ఆ సాయంత్రమే, ఇకనుంచి జర్మన్‌లో తనని నువ్వు అని పిలవమంది. అప్పటిదాకా మేం ఒకరినొకరం మీరనే అనుకునేవాళ్లం, ఆవిడ నన్ను ఇంటిపేరుతోనే పిలిచేది. అక్కడ పెద్దవాళ్లే ముందుగా ఆ చనువు ఇవ్వాలట.

"మా భాషలో పెద్దవాళ్లని నువ్వంటే చెంప పగులుతుంది," అన్నాను.

"మా భాషలో నువ్వు అనమన్నాక కూడా మీరంటే, దూరంగా ఉండమని చెప్పినట్టు," అంది.

నోరు తిరగలేదు గానీ అన్నాను. ఆవిడ నా నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. మా అమ్మ పోయాక నన్ను అలా దగ్గరికి తీసుకున్నవాళ్లు లేరు.

జనవరిలో ఒక మధ్యాహ్నం, ఉతికిన దుప్పట్లు మడతపెడుతూ తన ఊరి సంగతి ఒకటి చెప్పింది. యుద్ధం అయిపోయాక కొంతకాలానికి ఊరి బయట జిప్సీలు బళ్లతో వచ్చి దిగేవాళ్లు. కత్తులు సానపట్టేవాళ్లు, బుట్టలు అమ్మేవాళ్లు. వాళ్లు కనపడగానే ఓమా వాళ్లమ్మ పరిగెత్తుకెళ్లి తీగ మీద ఆరేసిన బట్టలు తీసేసి, కోళ్లగూడుకి తాళం వేసేదట.

"యుద్ధంలో నాజీలు వాళ్లందర్నీ పట్టుకెళ్లి చంపారు. తిరిగొచ్చింది కొద్దిమందే. అంతా తెలిసీ, ఆ మిగిలిన కొద్దిమందిని చూసి కూడా మా అమ్మ బట్టలు తీసేసింది. తొందరగా తియ్యమంటే నేనూ తీశాను," అంది. మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్లీ మడతపెట్టింది.

వసంతకాలంలో మా జర్మనీ ఆగిపోయింది. అక్కడి ప్రాజెక్టు మూసేశారు, మా ఆయనకి అక్కడ ఇస్తామన్న పోస్టు దాంతోపాటే పోయింది. ఈ లోపు గ్రీన్‌కార్డు పని కదిలింది, ఇక్కడే ఉండొచ్చన్నారు, నాకు ఉద్యోగం చేసే హక్కు మాత్రం ఇంకా లేదు. మా ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. ఫ్రెండ్స్‌ని భోజనానికి పిలిచాడు. అందరూ కంగ్రాట్స్ చెప్తుంటే నేను వంటింట్లో పెరుగన్నానికి తాలింపు వేస్తూ ఏడ్చాను.

"ఇప్పుడేమైందని? ఇక్కడే ఉన్నాం కదా, సేఫ్‌గా," అన్నాడు లోపలికి వచ్చి.

"నీకు సేఫ్. నేను ఏ దేశంలో ఉన్నా ఇంట్లోనే."

"అది నా చేతుల్లో ఉందా?"

లేదు. పెరుగన్నం గిన్నె తీసుకుని బయటికి నడిచాను.

ఓమాకి చెప్పాను. ఆవిడ కాఫీ పోసి, "మంచిదే," అంది. "నేను నేర్పిన జర్మనీ ఇప్పుడు అక్కడ ఉందో లేదో." ఆ తర్వాత కూడా వెళ్తూనే ఉన్నాను. నేర్చుకోవడానికి కారణం పోయినా, ఆ వంటింట్లో తప్ప నాతో మాట్లాడేవాళ్లు ఎక్కడా లేరు.

కొన్ని వారాలకి, ఒక పొద్దున ఆవిడ బాత్రూమ్‌లో పడిపోయింది. పక్షవాతం. అంబులెన్సు వెళ్లిపోయాకే నాకు తెలిసింది. ఆసుపత్రి నుంచి ఒక నర్సింగ్ హోమ్‌కి మార్చారు. కొడుకు నాకు ఫోన్ చేశాడు.

"మీరు ఒకసారి రాగలరా? అమ్మకి ఇంగ్లీషు పోయింది. మొత్తం పోయింది. జర్మనే మాట్లాడుతోంది. ఫోన్లో ట్రాన్స్‌లేషన్ యాప్ పెడితే పిచ్చి మాటలు వస్తున్నాయి."

వెళ్లాను. ఓమా దిండ్లకి ఆనుకుని ఉంది. మూతి ఒక వైపుకి జారిపోయింది. ఆవిడ ఒళ్లో పచ్చరంగు ఎలుగుబంటి బొమ్మ.

"ఇదేంటి?" అని అడిగాను.

"గ్రీన్ బేర్, గ్రీన్ బేర్ అని ఒకటే అడుగుతోంది. నాలుగు షాపులు తిరిగి తెచ్చాను. ఇస్తే విసిరేస్తోంది," అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఆ మనిషి సరిగ్గా నిద్రపోయినట్టు లేదు.

ఓమా నా వైపు తిరిగి అదే మాట అంది. గ్రుంబేరె. పొయ్యి మీద గ్రుంబేరె ఉన్నాయి, మాడిపోతున్నాయి, అమ్మ తిడుతుంది.

"దించేశాను," అన్నాను ఆవిడ యాసలోనే. "పొయ్యి ఆర్పేశాను. మాడలేదు."

ఆవిడ భుజాలు వదులయ్యాయి. కళ్లు మూసుకుంది.

"ఏమంటోంది?" అన్నాడు కొడుకు.

"బంగాళాదుంపలు. ఎలుగుబంటి కాదు."

అతను ఆ బొమ్మ తీసి కుర్చీ కింద పెట్టాడు.

తర్వాత రోజూ వెళ్లాను. పాప స్కూలు వదిలే దాకా అక్కడే. ఓమాకి దాహం వేసినా, నడుం నొప్పి పుట్టినా నేనే చెప్పాలి. నర్సులు నా కోసం చూసేవాళ్లు. అన్నేళ్లలో ఈ దేశంలో నేను లేకపోతే జరగని పని అదొక్కటే. ఆవిడ మాటల్లో వాళ్లమ్మ ఉండేది, చెల్లెలు ఉండేది, బాంబులు పడేటప్పుడు దాక్కున్న నేలమాళిగ ఉండేది. మొగుడు లేడు. కొడుకు లేడు. ఆవిడ ఇంకా పెళ్లికాని పిల్ల. అతను పక్కనే కూర్చుని, ఏమంటోంది, ఏమంటోంది అని అడుగుతుంటే చెప్పేదాన్ని. "నా గురించి ఏమైనా?" అని మాత్రం అప్పుడు అడగలేదు.

ఒకరోజు గదిలో అడుగుపెట్టేసరికి ఓమా నన్ను చూసి బిగుసుకుపోయింది. బాగున్న చేత్తో దుప్పటిని గుండెల మీదకి లాక్కుంది.

"అమ్మా, జిప్సీది వచ్చింది," అంది. ఆ భాషలో, ఆ యాసలో. "బట్టలు తియ్యి. దొంగది. నల్లది. లోపలికి ఎవరు రానిచ్చారు? తరిమెయ్యి."

ప్రతి మాటా అర్థమైంది. ఆవిడే నేర్పిన మాటలు. ఒకటి రెండు నేర్పనివి కూడా ఎలాగో అర్థమైపోయాయి.

"ఏమంటోంది?" అన్నాడు కొడుకు కుర్చీలోంచి లేస్తూ.

"చలేస్తోందట," అన్నాను.

అతను ఇంకో దుప్పటి తెచ్చి కప్పాడు. ఆవిడ నా వైపే చూస్తోంది. ఆ చూపు నాకు కొత్త కాదు. ఇక్కడ కొట్లలో, పార్కింగ్ దగ్గర చూశాను. ఆ మొహంలో చూస్తాననుకోలేదు. అది జబ్బు అని తెలుసు. జబ్బు ఏ మాటనీ కొత్తగా తయారుచెయ్యదని కూడా తెలుసు. ఆరోజు ఇంటికొచ్చి మా ఆయనకి చెప్తే, "వదిలెయ్, ఇంక వెళ్లకు. ఆవిడేమైనా మన చుట్టమా?" అన్నాడు. మర్నాడు వెళ్లాను. మంచం తల వైపు, ఆవిడకి కనపడని చోట కుర్చీ వేసుకుని, గొంతు మాత్రమే వినపడేలా కూర్చున్నాను. అప్పుడు నన్ను చెల్లెలనుకునేది. బాగానే మాట్లాడేది. నేను కనపడితేనే కేకలు.

అలా ఎన్నాళ్లో సాగలేదు. ఒక మధ్యాహ్నం కోడలు ఉండగా నేను నీళ్లు పట్టడానికి ముందుకొచ్చాను. ఓమా అరిచింది. కోడలి ఫోను తెరిచే ఉంది. మిగతా యాస ఏమీ పట్టుకోని యాప్, ఆ రెండు మాటల్నీ సరిగ్గా పట్టుకుంది. జిప్సీ. దొంగ. కోడలు తెర వైపు చూసి, నా వైపు చూసి, ఫోను తిరగేసి ఒళ్లో పెట్టుకుంది.

కొడుకు నన్ను బయటి కారిడార్‌లోకి తీసుకెళ్లాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మీరు చేసింది మేం మర్చిపోం. కానీ మిమ్మల్ని చూస్తే అమ్మ అప్‌సెట్ అవుతోంది. కొన్నాళ్లు రాకపోతే మంచిదేమో. దయచేసి పర్సనల్‌గా తీసుకోవద్దు."

"మరి ఆవిడకి ఏం కావాలో మీకెలా తెలుస్తుంది?"

"యాప్ ఉంది. ఎలాగో చూసుకుంటాం."

"గ్రీన్ బేర్ తెచ్చినట్టా?" అన్నాను.

అతని మొహం మాడిపోయింది. అనకుండా ఉండాల్సిందేమో. నీళ్లని వాసర్ అంటారని, నొప్పిని ఏమంటారో చెప్పి, అంతవరకైనా నేర్చుకోమన్నాను. కారిడార్‌లోనే నిలబడి రెండు మూడుసార్లు అన్నాడు, టెక్సాస్ సాగదీతతో. ఓమా విన్నా గుర్తుపట్టదు అనుకున్నాను. తల ఊపి వచ్చేశాను.

తర్వాత ఆవిడ ఏమందో, ఎవరికి చెప్పుకుందో నాకు తెలీదు. ఆ గదిలో ఆవిడ మాట తెలిసినవాళ్లెవరూ లేరు. ఎండలు ముదిరాక ఒక పొద్దున కొడుకు మెసేజ్ పెట్టాడు. ఓమా నిద్రలోనే పోయిందట. ప్రశాంతంగా పోయిందని రాశాడు. ప్రశాంతమని అతనికెలా తెలుసు అనుకున్నాను.

అంత్యక్రియల ప్రార్థన ఇంగ్లీషులో జరిగింది. తర్వాత చర్చి హాల్లో భోజనాలు. బల్లల మీద నీలం తెలుపు గళ్ల గుడ్డలు, బవేరియా జెండా రంగులు. ప్రెట్జెల్స్, సాసేజీలు, క్యాబేజీ. మూల ఒకతను తోలు నిక్కరుతో అకార్డియన్ వాయిస్తున్నాడు. అమ్మకి తన జర్మన్ కల్చర్ అంటే ప్రాణమని కొడుకు మైకులో చెప్పాడు. చెప్తూ ఏడ్చాడు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. నాకు ఏడుపు రాలేదు. లేచి వెళ్లి ఆ మైకు లాక్కుని, ఇందులో ఒక్కటీ ఆవిడది కాదు అని చెప్పాలనిపించింది. చెప్పడానికి నేనెవరిని? ఆవిడ ఆఖరి మాటల్లో నేను దొంగదాన్ని.

బయల్దేరుతుంటే కొడుకు మా దగ్గరికొచ్చాడు. మా ఆయన చెయ్యి కలిపాడు. తర్వాత అతను నా వైపు తిరిగాడు.

"ఒకటి అడగాలి. మీరు వచ్చిన ఆ రోజుల్లో, అంతసేపు మాట్లాడేది కదా. నా గురించి ఏమైనా అందా?"

పెద్ద మనిషి, చేతిలో కాగితం పళ్లెంతో చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. చలేస్తోందట అన్నంత తేలిగ్గా ఇంకో మాట అనొచ్చు. అది నా నాలుక మీద ఉంది కూడా.

"లేదు," అన్నాను. "మిమ్మల్ని కనడానికి ముందు రోజుల్లో ఉండేది ఆవిడ."

అతను తల ఊపాడు. "చెప్పినందుకు థాంక్స్," అన్నాడు. ఎవరో పిలిస్తే అటు వెళ్లిపోయాడు.

కారెక్కాక మా ఆయన స్టార్ట్ చేయకుండా నా వైపు తిరిగాడు.

"ఒక్క మాట, అవునంటే పోయేదా? అతను అమ్మని పోగొట్టుకున్నాడు," అన్నాడు.

"పోయేది కాదు," అన్నాను.

"మరెందుకు అలా అన్నావ్?"

సీటు బెల్టు పెట్టుకుని కిటికీ వైపు తిరిగాను. వెనక సీట్లో పాప ఆకలేస్తోందని ఇంగ్లీషులో అంది. మా ఆయన బండి తీశాడు.